దాహము – తలనొప్పి – కంటి ఒత్తిడి
పొలములో పనిచేయువారు తెలిసికొనవలసిన సంగతులు

నారుమడికి ఏ పూట నీరు పెట్టవలెనో, ఏ దశలో చేనికి తడి తప్పరాదో మన రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆరుతడి పంటకు నీరు నిలిపిన వేరు కుళ్ళుననియు, పొట్టదశలో వరికి తడి తప్పిన తాలు గింజ పడుననియు అతడెరుగును. పశువులను ఏ వేళకు తొట్టివద్దకు తోలవలెనో కూడ అతనికి తెలియును. కాని తన ఒంటికి ఎప్పుడు, ఎంత నీరు కావలెనను సంగతిని మాత్రము అతడు లెక్కలోనికి తీసికొనడు. తెల్లవారుజామున గ్లాసెడు టీ త్రాగి పొలమునకు పోవును. ఎండ ముదురువరకు పని ఆపడు. నాలుక పిడచగట్టిన పిమ్మట గట్టుకు వచ్చి, చెంబు ఎత్తిపట్టి నీరంతయు ఒక్క ఊపున త్రాగును. సాయంకాలమునకు తలనొప్పి వచ్చును. ఒక బిళ్ళ మ్రింగి పండుకొనును.

ఈ అలవాటు వలన రెండు నష్టములు కలవు. మొదటిది, నీరు చాలక తలనొప్పి వచ్చుట. ఇది త్రాగు పద్ధతి మార్చుకొనిన చాలవరకు తగ్గును. రెండవది ఇంతకంటె పెద్దది. వచ్చిన ప్రతి తలనొప్పిని “ఎండకు వచ్చినది” అని త్రోసివేయుటచే, కంటిలో ఒత్తిడి పెరిగి వచ్చు తలనొప్పి కూడ అందులో కలిసిపోవుచున్నది. ఆ నొప్పిని ఒకటి రెండు రోజులు ఉపేక్షించిన పోయిన చూపు మరల రాదు. ఈ రెండు నొప్పులకు గల భేదమును తెలిసికొనుట ప్రతి కుటుంబమునకును అవసరము.

ఒంటిలోని నీటి లెక్క

పెద్దవాని శరీరపు బరువులో సగమునకు మించి నీరే. అరువది కిలోల మనిషి ఒంటిలో సుమారు 35 లీటర్ల నీరుండును. ఎండలో కోతకోయునప్పుడు, మూటలు మోయునప్పుడు చెమట రూపమున గంటకు ఒక లీటరు వరకు నీరు పోవచ్చును. దానితో ఉప్పును పోవును. శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు, అనగా ఇట్టివానికి లీటరుంపావు నీరు తగ్గిన చాలును. పని మందగించును, తల బరువెక్కును, చిరాకు పుట్టును. దాహము వేయుసరికే ఒంటిలో కొంత లోటు ఏర్పడి యుండును. కావున దాహమును నమ్ముకొని కూర్చుండుట, ఆకు వాడిన తరువాత నీరు పెట్టుట వంటిది.

నీటి లోటు ముదిరిన ప్రాణమునకే ముప్పు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో కూలిపని చేయువారికి ఈ ముప్పు అందరికంటె ఎక్కువ.

ఒంటికణత నొప్పి

మనవారు పార్శ్వపు నొప్పి, ఒంటికణత నొప్పి అని పిలుచు మైగ్రేన్ సాధారణమైన తలనొప్పి కాదు. తలకు ఒక ప్రక్క, నాడి కొట్టుకొనినట్లు నొప్పి వచ్చును. కడుపులో త్రిప్పును. వెలుతురు, చప్పుడు సహింపవు. వైద్యము చేయనిచో నాలుగు గంటల నుండి మూడు రోజుల వరకు ఉండవచ్చును. కొందరికి నొప్పి రాబోవు ముందు కళ్ళ యెదుట వంకరటింకర మెరుపు గీతలు కనబడి, ఒక గంటలోపల పోవును. ఇది పురుషులలో కంటె స్త్రీలలో సుమారు మూడురెట్లు ఎక్కువ.

ఈ తత్త్వము చాలమందికి పుట్టుకతో, వంశములో వచ్చును. కాని నొప్పిని లేపునవి వేరుగా ఉన్నవి. ఒంటిలో నీరు తగ్గుట, పూట భోజనము తప్పుట, నిద్ర చాలకపోవుట, ఎండ జిగి, మద్యము, స్త్రీలకు నెలసరి దినములు — ఇవి ముఖ్యమైనవి. కోతల కాలములో వీనిలో నాలుగైదు ఒక్కనాడే కూడివచ్చును. ఏ దినమున ఏమి తిని, ఎంత త్రాగి, ఎంత నిద్రించిన పిమ్మట నొప్పి వచ్చినదో రెండు నెలలు ఒక పుస్తకములో వ్రాసికొనినచో తన నొప్పికి మూలమేదో చాలమంది తామే కనిపెట్టగలరు.

నొప్పి బిళ్ళలను గూర్చి ఒక హెచ్చరిక. నెలకు పది, పదిహేను దినములకు మించి బిళ్ళలు మ్రింగువారికి ఆ బిళ్ళల వలననే తలనొప్పి నిలిచిపోవును. చెమట పోసి నీరు తగ్గిన ఒంటికి కొన్ని రకముల నొప్పి బిళ్ళలు మూత్రపిండములను చెరచును. ముందు నీరు, తరువాత బిళ్ళ, అదియును వైద్యుడు చెప్పిన మేరకే.

కన్ను ఒక చిన్న చెరువు

కంటి ముందుభాగమున ఒక పలుచని ద్రవము నిత్యము పారుచుండును. ఇది కన్నీరు కాదు. కంటిపాప చుట్టునున్న తెర వెనుక ఇది ఊరి, పాప గుండా ముందునకు వచ్చి, తెరయు నల్లగ్రుడ్డు పైపొరయు కలియు మూలనున్న సన్నని జల్లెడ గుండా రక్తనాళములలోనికి పోవును. రెండు గంటలకు ఒకసారి ఈ నీరంతయు మారిపోవును. ఎంత ఊరునో అంత పోవుచున్నంత కాలము కంటిలోని ఒత్తిడి సరిగా నుండును. సామాన్యముగా అది పాదరసము 10 నుండి 21 మిల్లీమీటర్ల మధ్య నుండును.

చెరువునకు వాగు ఎట్లో, అలుగు ఎట్లో, కంటికి ఊటయు జల్లెడయు అట్లు. అలుగు పూడిపోయిన చెరువులో నీటిమట్టము ఎక్కినట్లు, జల్లెడ మూసికొనిన కంటిలో ఒత్తిడి ఎక్కును. ఆ ఒత్తిడి కంటి వెనుకనున్న దృష్టినాడిని నలిపి, దాని పోగులను ఒక్కొక్కటిగా చంపును. దీనిని నీటికాసులు అనియు, గ్లాకోమా అనియు అందురు. మన దేశమున ఒక కోటికి పైగా జనులకు ఈ జబ్బు కలదు.

ఇది రెండు విధములు. మొదటి దానిలో అలుగు కొంచెము కొంచెముగా పూడుకొనిపోవును. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు ప్రక్కల నుండి తగ్గుచు వచ్చును. ఎదుటి వస్తువు చక్కగా కనబడుచున్నందున మనిషికి అనుమానమే రాదు. ప్రక్కనుండి వచ్చు బండి కనబడకపోవుట, గట్టుమీద కాలు తడబడుట వంటి గుర్తులను వయసు పైబడినదని సరిపెట్టుకొనును. రెండవ దానిలో అలుగునకు ఒక మొద్దు అడ్డుపడినట్లు, కంటి తెర ముందునకు వంగి జల్లెడను ఒక్కసారిగా మూసివేయును. కొన్ని గంటలలో ఒత్తిడి రెండు మూడు రెట్లగును. ఇప్పుడు నొప్పి భరింపరానిదై, కణతకును తలకును ప్రాకును. వాంతులు పట్టుకొనును. చూచువారు దీనినే పైత్యమనియు, పార్శ్వపు నొప్పి యనియు అనుకొందురు.

మా ప్రాంతమున ఏబది యేండ్లు దాటిన ఒక తల్లికి సాయంకాలపు వేళ ఇట్టి నొప్పి అప్పుడప్పుడు వచ్చి తగ్గుచుండెడిది. దీపము చుట్టు రంగుల వలయములు కనబడుచున్నవని ఆమె చెప్పినను ఇంటివారు పట్టించుకొనలేదు. ఒకనాటి రాత్రి కన్ను ఎర్రబడి వాంతులతో తెల్లవార్లు బాధపడినది. నాట్ల పని ముగిసిన పిమ్మట, నాలుగవ దినమున కంటి వైద్యుని వద్దకు తీసికొనిపోయిరి. ఆ కంటి చూపు తిరిగి రాలేదు. రెండవ కంటికి లేసరు కిరణముతో తెరలో చిన్న రంధ్రము చేసి, ఆ నీటికి వేరొక తూము ఏర్పరచిరి. ఆ కన్ను దక్కినది. అదే చికిత్స మొదటి రంగుల వలయము కనబడిన వారములోనే జరిగియున్నచో రెండు కళ్ళును దక్కియుండెడివని వైద్యుడు చెప్పెను.

చెంబెడు నీరు ఒక్క ఊపున త్రాగినచో

కంటి వైద్యులు ఎంతో కాలముగా ఎరిగిన పరీక్ష ఒకటి కలదు. మనిషిచేత పదిహేను నిమిషముల లోపల సుమారు ఒక లీటరు నీరు త్రాగించి, ఒక గంటసేపు మాటిమాటికి కంటి ఒత్తిడిని కొలుతురు. ఆరోగ్యముగల కంటిలో ఒత్తిడి కొంచెము పెరిగి త్వరలోనే దిగును. జల్లెడ సరిగా లేని కంటిలో ఎక్కువగా పెరిగి ఎక్కువసేపు నిలుచును. వరద వచ్చినప్పుడే గదా అలుగు సత్తువ తెలియునది!

దీనినిబట్టి నీరు తక్కువ త్రాగవలెనని ఎవ్వరును భావింపరాదు. దినమునకు కావలసిన నీరంతయు త్రాగవలసినదే. నీటికాసులున్నవారు, ఆ అనుమానమున్నవారు అర లీటరు, లీటరు నీటిని ఒకేసారి త్రాగక, కొంచెము కొంచెముగా దినమంతటికిని సర్దుకొనవలెను. కంటి జబ్బు లేనివారు ఒకసారి చెంబెడు నీరు త్రాగినంతమాత్రమున నీటికాసులు రావు. వారికిని మెల్లగా త్రాగిన నీరే ఒంటబట్టును. ఒక్కసారి త్రాగినది చాలవరకు మూత్రముగా పోవును.

నీటికాసులున్నవారు తల క్రిందుగా ఉండు ఆసనములు మానవలెను. శీర్షాసనమున కంటి ఒత్తిడి దాదాపు రెట్టింపగును.

తలలోని నీరు

కంటివలెనే మెదడు చుట్టును ఒక ద్రవము కలదు. ఏ సమయమందైనను సుమారు 150 మిల్లీలీటర్లుండి, దినమునకు సుమారు అర లీటరు ఊరి, మరల రక్తములో కలియుచుండును. దీని ఒత్తిడి పెరిగినచో తెల్లవారి లేవగానే తలనొప్పి, దగ్గినను ముక్కినను నొప్పి ఎక్కువగుట, వంగి లేచునప్పుడు క్షణకాలము కళ్ళు చీకట్లు క్రమ్ముట కలుగును. ఇది కంటిలోని ఒత్తిడి కాదు. అయినను కంటి వైద్యుడు పరికరముతో కంటి వెనుక భాగమును చూచి, దృష్టినాడి వాచియున్నదా లేదా చెప్పగలడు. ఇట్టి నొప్పి నీటితో గాని బిళ్ళతో గాని తీరునది కాదు. ఆలస్యము లేకుండ పెద్దాసుపత్రికి పోవలెను.

టీ, కాఫీ, మద్యము

టీ, కాఫీలు మితముగా త్రాగిన ఆరోగ్యవంతులకు హాని లేదు. నీటికాసులున్నవారికి మాత్రము చిక్కని కాఫీ త్రాగిన తరువాత కంటి ఒత్తిడి కొంతసేపు స్వల్పముగా పెరుగును. దినమునకు నాలుగైదుసార్లు త్రాగువారు ఒక్కనాడు మానినను తలనొప్పి వచ్చును. మానదలచినవారు క్రమక్రమముగా తగ్గించుకొనవలెను.

మద్యము ఒంటిలోని నీటిని మూత్రముగా తోడివేయును. ఒంటికణత నొప్పిని లేపును. త్రాగిన కొంతసేపు కంటి ఒత్తిడి తగ్గునన్న మాట నిజమే కాని, అది వైద్యము కాదు; నిత్యము త్రాగువారికి రక్తపుపోటు పెరుగును. ఇక దొంగసారాలో మిథైల్ ఆల్కహాలు కలిసినచో సంగతి వేరు. అది ఒంటిలో విషముగా మారి దృష్టినాడినే కాల్చివేయును. పది మిల్లీలీటర్లు కూడ మనిషిని గ్రుడ్డివానిని చేయగలదు. ముప్పది మిల్లీలీటర్లు ప్రాణము తీయగలదు. సారా త్రాగిన మరునాడు కళ్ళు మసకలు క్రమ్మినచో క్షణమైనను ఆగక ఆసుపత్రికి చేర్చవలెను.

పొలములో కంటికి కీడు చేయునవి

ఉమ్మెత్త మొక్కను పీకి, ఆ చేతితో కన్ను నలుపుకొనినచో కంటిపాప విప్పారి చూపు మసకబారును. తెర మూల ఇరుకుగా ఉన్నవారికి దానివలన ఒత్తిడి ఒక్కసారిగా పెరుగవచ్చును. జలుబు బిళ్ళలు కొన్నియు ఇట్లే చేయును. పార్శ్వపు నొప్పికిచ్చు టోపిరమేట్ అను మందు వలన కొందరికి మొదటి వారములలో ఇదే ఆపద కలుగును. ఆ మందు వాడువారు కన్ను నొప్పి పెట్టినను, మసకలు క్రమ్మినను వెంటనే వైద్యునికి చెప్పవలెను.

పురుగుమందు చల్లిన నాటి తలనొప్పిని ఎండమీదికి నెట్టరాదు. తలనొప్పితోపాటు కంటిపాప ఆవగింజవలె ముడుచుకొనుట, నోట నీరూరుట, ఒళ్ళు చెమటలు పట్టుట కనబడినచో అది విషము సోకిన గుర్తు. మందు పడిన బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

కన్ను ఎర్రబడినప్పుడు అంగడిలో అడిగి తెచ్చుకొను చుక్కలమందులలో కొన్నిటియందు స్టిరాయిడు ఉండును. దురద వెంటనే తగ్గునుగాన నెలల తరబడి వాడుదురు. అవి కంటి ఒత్తిడిని పెంచి నీటికాసులు తెచ్చును. వైద్యుని చీటీ లేనిదే కంటిలో ఏ చుక్కయు వేయరాదు.

ఏ తలనొప్పికి ఏమి చేయవలెను

1. ఎండలో పనిచేసిన పిమ్మట తల అంతయు బరువుగా ఉండి, నోరు ఎండి, మూత్రము పసుపునీళ్ళవలె చిక్కగా వచ్చినచో అది నీటి లోటు. నీడకు చేరి మెల్లమెల్లగా నీరు, ఉప్పు వేసిన మజ్జిగ త్రాగవలెను. ఒకటి రెండు గంటలలో తేలికపడును.

2. తలకు ఒక ప్రక్క పోటు, వాంతి, వెలుతురు సహింపకపోవుట ఉండి, కన్ను తెల్లగానే ఉండి చూపు సరిగానున్నచో ఒంటికణత నొప్పి కావచ్చును. చీకటి గదిలో విశ్రాంతి తీసికొని, వైద్యుని సలహా పొందవలెను.

3. తలనొప్పితో కన్ను ఎర్రబడుట, ఆ కంటి చూపు మసకబారుట, దీపము చుట్టు రంగుల వలయములు, కన్ను రాయివలె గట్టిపడుట — వీనిలో ఏది కనబడినను అది కంటి ఒత్తిడిగానే ఎంచి, ఆ దినమే, ఆ గంటయే కంటి వైద్యుడున్న ఆసుపత్రికి పోవలెను. వాహనము లేనిచో 108కి ఫోను చేయవలెను.

4. స్పృహ తప్పుట, మాట తడబడుట, ఒళ్ళు కాలిపోవుట, మెడ బిగిసికొనుట, ఎన్నడు లేనంత తీవ్రమైన నొప్పి హఠాత్తుగా వచ్చుట కూడ వెంటనే ఆసుపత్రికి చేర్చవలసిన గుర్తులు. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

నీరు త్రాగు పద్ధతి

పనికి బయలుదేరుటకు ముందు ఒకటి రెండు గ్లాసుల నీరు త్రాగవలెను. ఎండలో పనిచేయునంతసేపు ఇరువది నిమిషముల కొకసారి ఒక గ్లాసు, అనగా సుమారు 200 మిల్లీలీటర్లు త్రాగవలెను. రెండు సాళ్ళ చివర ఒక గ్లాసు అని పెట్టుకొనిన గడియారముతో పని లేదు. గంటకు లీటరున్నరకు మించరాదు. ఉప్పు లేని నీరు అతిగా త్రాగినను రక్తములో ఉప్పు పలుచబడి తలనొప్పి, తికమక కలుగును. ఈ కొలత ఆరోగ్యవంతులకు చెప్పినది. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు కలవారును, నీటికాసులున్నవారును తమ వైద్యుడు చెప్పిన మేరకు నడచుకొనవలెను.

మన పెద్దలు వేసవికి ఏర్పరచిన తరవాణి, చద్దన్నము, అంబలి, పలుచని మజ్జిగ మిక్కిలి మంచివి. వీనిలో నీటితోపాటు ఉప్పును, కొంత ఆహారమును కలవు. విరేచనములైనను, ఎండకు సొమ్మసిల్లినను లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా ఇయ్యవలెను. చెంచాలు చిన్నవై, తలకొట్టి కొలిచినవై యుండవలెను. మూత్రము లేత గడ్డిరంగున వచ్చుచున్నచో ఒంటికి నీరు చాలినట్లు.

స్త్రీల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పొలములో మరుగు లేనందున నాట్లు వేయు స్త్రీలు ప్రొద్దుటి నుండి నీరు త్రాగుటయే మానుకొనుచున్నారు. ఒంటికణత నొప్పి వారికే ఎక్కువ. కంటి తెర జల్లెడను మూయుటవలన సంభవించు నీటికాసులును మన దేశమున స్త్రీలకే ఎక్కువ. గట్టుమీద నాలుగు కర్రలు పాతి తాటాకు తడికయో, పాత టార్పాలినో కట్టుటకు పెద్ద ఖర్చు లేదు. కూలీలను పిలుచు రైతు కూలి, అన్నము ఏర్పాటు చేసినట్లే కుండెడు మంచినీరును, ఈ మరుగును ఏర్పాటు చేయవలెను.

నలుబది దాటినవారు ఏమి చేయవలెను

కంటి ఒత్తిడి కొలుచుటకు ఒక నిమిషము చాలును, నొప్పి ఉండదు. నలుబది యేండ్లు దాటిన ప్రతివారును ఒకసారి కొలిపించుకొనవలెను. తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని నీటికాసులున్నవారు, మధుమేహము కలవారు, స్టిరాయిడు మందులు వాడినవారు ఏటేట చూపించుకొనవలెను. ఒత్తిడి 21కి లోపలనున్నను జబ్బు ఉండవచ్చును గనుక దృష్టినాడిని కూడ చూడుమని వైద్యుని కోరవలెను. అద్దములు సరిపోయినంతమాత్రమున కన్ను బాగున్నదని తలపరాదు. 1996 నుండి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు హైదరాబాదు నగరమునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల పల్లెలయందును పదివేలమందికి పైగా పరీక్షించిరి. నీటికాసులున్నట్లు తేలినవారిలో ఎక్కువమందికి అంతవరకు ఆ సంగతియే తెలియదు.

శుక్లమునకును దీనికిని భేదము కలదు. శుక్లమును తీసివేసిన చూపు వచ్చును. నీటికాసుల వలన పోయిన చూపు రాదు. ఉన్నదానిని నిలుపుకొనుట మాత్రమే సాధ్యము. అందుకై వైద్యుడిచ్చిన చుక్కలను ఒక్కనాడైనను మానక జీవితాంతము వేసికొనవలెను. శుక్లము ముదురువరకు ఆగవలెనను పాత మాట కూడ విడువదగినది. బాగుగా ముదిరి ఉబ్బిన శుక్లమే కంటి తెరను ముందునకు నెట్టి ఒత్తిడిని పెంచగలదు.

గ్రామాధికారులకు మనవి

వేసవి పనులు ఆరంభమగుటకు ముందే పని జరుగు ప్రతి చోటను నీటికుండ, నీడ, మరుగు ఉన్నవా లేవా చూడవలెను. ఆశా కార్యకర్త, ఆరోగ్య సహాయకురాలు వీరి సహాయముతో గ్రామములో నలుబది దాటినవారి జాబితా వ్రాయించి, కంటి శిబిరము వచ్చినప్పుడు అద్దముల పరీక్షతోపాటు ఒత్తిడిని కూడ కొలువవలసినదిగా కోరవలెను. ఒక కుటుంబములో నీటికాసులు బయటపడినచో ఆ ఇంటి అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, పెద్దబిడ్డలను తప్పక పంపవలెను. పైన చెప్పిన నాలుగు గుర్తులను పెద్ద అక్షరములతో వ్రాయించి పంచాయతీ కార్యాలయపు గోడమీద అంటించినచో, రాత్రివేళ ఒక ఇంట తలనొప్పితో ఎవరైన బాధపడునప్పుడు బిళ్ళతో తెల్లవార్చవలెనో, ఆసుపత్రికి బండి కట్టవలెనో ఆ ఇంటివారికి తెలియును.